బసవపున్నయ్య గారి వంకర సీటు

బసవపున్నయ్య గారికి తన బండి సీటు వంకరగా ఉందని అనుమానం. మామూలు అనుమానం కాదు. బండి ఆపిన ప్రతిచోటా సీటు విప్పి, ఎగాదిగా చూసి, మళ్ళీ బిగించేంత అనుమానం. బాన్సువాడలో గొడుగు చంకలో పెట్టుకుని తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. బండి సీటు చంకలో పెట్టుకుని తిరిగేది ఈయనొక్కడే.

నా గురించి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే కథకు బరువుండదు. నేను ప్రకాష్‌ని. బస్టాండు వెనక మోటారు సైకిళ్ళ మెకానిక్కుని. ఇంటర్ రెండో ఏడాదిలో చదువు నన్ను వదిలేసిందని గిట్టనివాళ్ళు అంటారు. నిజానికి నేనే దాన్ని వదిలేశాను. పాపం, అది ఇప్పటికీ కోలుకోలేదు. కోటగిరిలో బండి స్టార్ట్ చేస్తే బాన్సువాడలో కూర్చుని ఏ నట్టు వదులైందో చెప్పగలను. నేను బిగించిన ఒక బోల్టు విప్పడానికి జుక్కల్ నుంచి ఇద్దరు పహిల్వాన్లు వచ్చారు. పానా వంగింది, పహిల్వాన్లు వంగారు, బోల్టు మాత్రం కదల్లేదు. అలాంటి నా చేతికి ఈయన సీటు తగిలింది.

ఆయనది కోటగిరి దగ్గర కాలువ కింద క్యాంపు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ వరి రైతు కుటుంబం. డెబ్బై దాటినా మనిషి చువ్వలా ఉంటారు. తెల్లచొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు పన్నెండో నంబరు పానా ఉంటుంది.

ఒకసారి తహశీల్దారు ఆఫీసు వరండాలో కుర్చీలు లేవు. ఈయన చంకలోని సీటు తీసి కింద వేసుకుని కూర్చున్నారు. ఇద్దరు కూర్చునే సీటు కదా, కాసేపటికి ఎవరో "పెద్దాయనా, జర జరుగు" అంటూ పక్కన చేరారు. నేను లోపల పని చూసుకుని వచ్చేసరికి దాని మీద ఐదుగురున్నారు, ఆరోవాడు వరుసలో ఉన్నాడు.

మా చుట్టాల పెళ్ళిలో ఇంకా ఘోరం. సీటుకు దుమ్ము పడుతుందని తువ్వాలు చుట్టి తెచ్చారు. ద్వారం దగ్గర ఎవరో మర్యాదగా అందుకుని కానుకల బల్ల మీద పెట్టేశారు. భోజనాలయ్యాక ఈయన దాన్ని తీసుకుని వెళ్ళిపోతుంటే పెళ్ళికూతురి మేనమామ వెంటపడ్డాడు. పెళ్ళికొడుకు అప్పటికే దానికి దండం పెట్టాడని కూడా అంటారు. అది నేను చూడలేదు కాబట్టి చెప్పను.

గత రెండు నెలలుగా ఆయన నా షెడ్డుకు రాని రోజు లేదు.

"తాతా, ఇయ్యాల గూడ వంకరనేనా?"

"ఎడమ పక్క ఓ వేలు దిగిందయ్యా ప్రకాషూ."

"నిన్ననే గద సక్కగ చేసిన!"

"నిన్న బాగానే ఉంది. కాలువ వంతెన దాటాక దిగింది."

పక్క షెడ్డులో సీటు కవర్లు కుట్టే తారాచంద్ సూది ఆపి నవ్వేవాడు. "అరే ప్రకాష్, పహిల్వాన్లకు ఊడని నీ బోల్టు గీ ముసలాయనకు రోజూ ఎట్ల ఊడుతుందిరా?"

ఇగ నాకు పౌరుషం వచ్చింది. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, పది మంది ముందు ఆయన సీటు మీద పెట్టాను. బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది.

"సూడు తాతా, అద్దం లెక్కున్నది!"

ఆయన వంగి చూశారు. "ఆ బుడగ కాదయ్యా కూర్చునేది."

"మరి ఎవరు కూసుంటరు?"

జేబులో పానా సర్దుకున్నారు. "నేనే. ఆదివారం రుద్రూర్ వెళ్ళాలి. మా మరదలి గృహప్రవేశం. ఈ సీటుతో వెళ్ళడం కుదరదు. ఆలోపు బాగుచెయ్యి, నీకు పుణ్యముంటుంది."

అప్పుడు నేను నా జీవితంలోకెల్లా గొప్ప పని చేశాను. రెండు బోల్టులకూ గమ్ము పూసి, పానా మీద కాలు పెట్టి బిగించి, చివర సుత్తితో కొట్టి మూసేశాను. ఇగ ఆ సీటు ఊడాలంటే బండి ఊడాలి. ఆయన ఆ బోల్టుల మీద వేలు పెట్టి చూసి వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గెలిచానని తారాచంద్‌కు చాయ్ తాగించాను. శనివారం పొద్దున ఆగలేక, నా గెలుపు కళ్ళారా చూసుకుందామని క్యాంపుకు బయలుదేరాను.

ఇంటి ముందు బండి పెద్ద స్టాండు మీద నిలబడి ఉంది. వెనక సీటు మీద ఆయన భార్య హనుమాయమ్మ, ఒక పక్కకు తిరిగి, రెండు కాళ్ళూ ఎడమ వైపు వేసి కూర్చుని ఉంది. బండి కదలడం లేదు. అయినా ఆవిడ రెండు చేతులతో సీటును పట్టుకుని కళ్ళు మూసుకుంది. బసవపున్నయ్య గారు చేతులు చాపి ఎదురుగా నిలబడ్డారు.

"జారిపోతున్నానండీ!"

"నువ్వు కాదే, సీటు జారుతోంది. ఆ ప్రకాష్‌గాడికి బిగించడం చేతకాదు."

నాకు ఒళ్ళు మండింది. గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే నా రెక్క పట్టుకుని గడ్డివాము వెనక్కి లాక్కుపోయారు.

"గట్టిగా అరవకు. రెండు నెలల కిందట మా ఆవిడ వంతెన దగ్గర బండి మీంచి పడిందయ్యా. దెబ్బలేం లేవు, భయం పట్టుకుంది. అప్పటినుంచీ గేటు దాటలేదు. ఆటో ఎక్కితే ఊరు దాటకముందే వాంతులు. రేపు అక్క వస్తేనే పాలు పొంగిస్తానని చెల్లెలు కూర్చుంది."

"మరి సీటు?"

"సీటుదే తప్పంటే, బాగయ్యాక ఎక్కుదామని ఆగుతుంది. భయం తనదే అనుకుంటే ఇక జన్మలో ఎక్కదు. అందుకే ఆ మాట ఆవిడ చెవిన పడాలని సీటు చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగా, రోజూ తీసుకెళ్ళి బాగుచేయించానని చెబుతున్నా. నువ్వేమో సుత్తితో కొట్టి నా నోరు కట్టేశావు."

"గదేదో నాకు మొదలే చెప్తే అయిపోతుండె గద తాతా!"

"నీకు చెబితే బాన్సువాడకి చెప్పినట్టే కదయ్యా. ఆవిణ్ణి చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వుకుంటే నాకేం?"

అటునుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఆ మెకానిక్కేనా వచ్చింది? ఏం నాయనా, ఒక్క సీటు సరిగ్గా బిగించలేవా?"

ఆ క్షణంలో నా నాలుక మీద రసమట్టం ఉంది, బుడగ ఉంది, పది మంది సాక్షులున్నారు. మింగేశాను.

"తప్పు నాదే అవ్వా. వంకర బిగించిన. నాకు పని సక్కగ రాదు."

ఇన్నేళ్ళలో నేను ఆ మాట అనడం అదే మొదలు. బసవపున్నయ్య గారు నన్ను చూసిన చూపుకు ఇంకో నాలుగు తప్పులు ఒప్పుకోవాలనిపించింది.

నా బోల్టులు విప్పడానికి నాకే రెండు గంటలు పట్టింది. పహిల్వాన్ల కష్టం అప్పుడు తెలిసింది. సీటు తీసి, ఎడమ పక్క కింద మూడు వాషర్లు, ఒక రబ్బరు ముక్క పెట్టి ఓ వేలు లేపాను. అంటే నిజంగానే వంకర చేశాను. ఆవిడ ఎక్కి కూర్చుంది. అంచు కొంచెం పైకి ఉండి ఆవిణ్ణి లోపలికే ఆపింది. ఒక చెయ్యి వదిలింది. కాసేపటికి రెండోది కూడా వదిలి కొంగు సర్దుకుంది.

"ఇదీ సీటంటే!" అంది.

ఆదివారం రుద్రూర్‌లో పాలు పొంగాయి. సోమవారం ఇద్దరూ బండి మీద లడ్డూలు తెచ్చారు. తారాచంద్ సీటు చూసి కెవ్వుమన్నాడు.

"ఏందిర గిది? ఒక పక్కకు లేచింది! ఎవడు బిగించిండు?"

"నేనే" అన్నాను.

"రసమట్టం పెట్టి బిగించినవా?"

"లేదు. నాకు వచ్చింది గంతే."

బజారంతా నవ్వింది. బసవపున్నయ్య గారు చాయ్ చెప్పడానికి వెళ్ళగానే హనుమాయమ్మ అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, లడ్డూ చేతిలో పెట్టి, చెవిలో అంది.

"వాషర్లు పెట్టడం చూశాను నాయనా. సీటు వంకర కాదు, భయం నాదేనని ఎవరికైనా చెప్పుకో. నాకు తెలుసని ఆయనకి మాత్రం చెప్పకు, పాపం సంతోషంగా ఉన్నారు."