శేషం పదకొండు

గురువులుకి కంటపడిన ప్రతిదాన్నీ భాగించే జబ్బు ఉంది. భాగించిన ప్రతిసారీ తప్పు భాగించడం ఆ జబ్బు ముదిరిన లక్షణం.

జాలరిపేటలో నా అద్దింటికి ఎదురిల్లు ఆయనది. ముప్పై ఏళ్లు పోర్టులో ఓడలకెక్కే బస్తాలు లెక్కపెట్టి రిటైరయ్యాడు. చొక్కా జేబులో చుట్ట ఉండాల్సిన చోట సుద్దముక్క ఉంటుంది. పడవ ఒడ్డెక్కడమే ఆలస్యం, దాని నీలం పొట్ట మీద భాగహారం వేసేస్తాడు.

వేలంపాటకి పోయేది పోగా, మా ఒడ్డున ఇంటి కూరకి కొన్ని చేపలు తీస్తారు. వేటకెళ్లిన ఆరుగురికీ తలా ఒక వాటా, పడవకి ఒకటి, వెరసి ఏడు. మిగిలిన శేషం పడవని ఒడ్డుకి లాగడానికి చెయ్యేసినవాళ్లది. ఇక్కడే గొడవంతా.

"యాభై మూడు సేపలు, ఏడు వాటాలు..." గురువులు కళ్లు మూసుకుని, తెరిచి, తీర్పు చెబుతాడు. "వాటాకి ఆరు. శేషం పదకొండు!"

"ఏటి బావా ఇది?" పడవ ఓనరు దొరబాబు గొంతు లైట్‌హౌస్ దాకా వినిపిస్తుంది. "రేతిరంతా తడిసినోడికి ఆరు, తాడట్టుకున్నోళ్లకి పదకొండా?"

"లెక్క అలగే వొచ్చింది మరి. నానేటి సేత్తాను?"

పంచినదానికన్నా మిగుల్చుకున్నది ఎక్కువ కావడం మన దేశంలో కొత్తేం కాదు. దాన్ని సుద్దతో రాసి నలుగురికీ చూపించే నిజాయితీ మాత్రం ఈయనొక్కడికే ఉంది.

అప్పుడు ఎండుచేపలు ఆరబోసిన పట్టా దగ్గర్నుంచి గంగాలమ్మ తలెత్తుతుంది.

"మావా, ఆ పదకొండులో ఇంకో ఏడు పోద్ది కదేటి? వాటాకి ఏడు, శేషం నాలుగు."

"పోద్దా? ఏదీ, సూపించు." సుద్ద చేతులు మారుతుంది.

గంగాలమ్మకి ముప్పై మూడేళ్లు. పేటలో అంగన్‌వాడీ ఆయా పోస్టు ఖాళీగా ఉంది. పదో తరగతి పాసవ్వాలి. నిరుడు ఓపెన్ స్కూల్లో కట్టింది, లెక్కల్లో తప్పింది. ఈ ఏడూ తప్పితే పోస్టు ఇంకొకరిది, ఎండుచేపల పట్టా ఆవిడది. అప్పట్లో ఆవిణ్ని ఉద్ధరించడానికి మోహనకృష్ణ అనే అక్షర సేవకుడు వచ్చాడు. బ్యానరు కట్టించాడు, ఫొటోగ్రాఫర్ని పిలిపించాడు, ఆవిణ్ని బోర్డు ముందు నిలబెట్టి, "భాగహారం కూడా రాదా అమ్మా?" అని పేటంతా వినేలా జాలిపడ్డాడు. ఫొటో పేపర్లో పడింది. గంగాలమ్మ నోరు ఆ రోజే పడిపోయింది. పరీక్ష హాల్లో కలమూ కదల్లేదు.

గురువులు ముందు మాత్రం నోరు పెగిలేది. ఎవరు ఎంత ఘోరమైన తప్పు చెప్పాలన్నా, అంతకన్నా ఘోరమైనది ఆయన ముందే చెప్పేసి ఉంటాడు కదా!

ఓరోజు ఆరొందల పద్దెనిమిది ఎండుచేపల్ని ఆరు గంపలకి పంచి, "గంపకి పదమూడు" అన్నాడు. గంపల వైపు చూసినవాడెవడికైనా నవ్వొస్తుంది.

"మావా! ఒకట్లో ఆరు పోదని సున్నా ఎట్టాల. నూట మూడు. ఆ సున్నా ఏటి సేసావు, మింగేసావా?"

"ఉప్పగా ఉంటే సేపనుకున్నాను."

పద్మనాభం ఊళ్లో పెళ్లికెళ్లి, తలంబ్రాలు పోస్తున్నంతసేపూ రెండొందల లడ్డూల్ని పన్నెండు భోజనాల బంతులకి భాగించాడు. బంతికి పదిహేను, శేషం ఇరవై! గంగాలమ్మ విస్తరి ముందు నుంచే అరిచింది. "పదహారు, శేషం ఎనిమిది!" పురోహితుడు మంత్రం మర్చిపోయాడు.

వేసవిలో గంగాలమ్మ పాసైంది. లెక్కల్లో డెబ్భై ఒకటి. ఉద్యోగమూ వచ్చింది. మోహనకృష్ణ ఇంకో బ్యానరు కట్టించాడు.

ఆ సాయంత్రం గురువులు నన్ను పిలిచి, "బాబూ, లోపల పుస్తకంలో నా కళ్లజోడుంది, అట్టుకురా" అన్నాడు. తెచ్చాను, కానీ పుస్తకం కూడా తెరిచి చూశాను. పాత లెక్కల పుస్తకం. అందులో ముత్యాల్లాంటి రాత.

"సోమవారం: శేషం పెద్దది. మంగళవారం: సున్నా మింగాలి. బుధవారం: అంకె దించడం మర్చిపోవాలి. గురువారం: గంగాలమ్మకి తలనొప్పి, చిన్న తప్పు చాలు."

పుస్తకం నిండా ఇదే, ఎనిమిది నెలల సిలబస్!

"ఏమిటండీ ఇది?"

గురువులు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఎవులికీ సెప్పకు బాబూ. రైటు సెప్పడానికేటి, ఎవుడైనా సెప్తాడు. నమ్మీలాగ తప్పు సెప్పాలంటే ముందురోజు సదువుకోవాల."

ఆఖరి పేజీలో సిరా ఇంకా కొత్తగా ఉంది. "దొరబాబు: ఏడో ఎక్కం రాదు. మెల్లిగా."

నిజమే! ఇన్నాళ్లూ అంత గొంతు వేసుకుని అరిచినవాడు ఒక్కరోజూ సరైన జవాబు చెప్పలేదు. నాకు అప్పుడుగానీ తట్టలేదు. నాకు యూనివర్సిటీ పట్టా ఉంది.

మర్నాడు పొద్దున్న ముప్పై చేపలు. గురువులు పడవ పొట్ట మీద రాశాడు.

"వాటాకి మూడు. శేషం తొమ్మిది!"

"ఏటి బావా, మళ్లీనా?" అని అరిచి, దొరబాబు అలవాటుగా గంగాలమ్మ వైపు తిరిగాడు. కొత్త ఉద్యోగానికి బయల్దేరిన గంగాలమ్మ ఆగింది. నోరు తెరిచింది. గురువులు మొహం చూసి మూసింది.

"నాకు టైమైపోతంది," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

దొరబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెనకాల వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"బావా..." గొంతు ఈసారి పక్క పడవకైనా చేరలేదు. "తొమ్మిదిలో... ఇంకో ఏడు పోదేటి?"

"పోద్దా?" అన్నాడు గురువులు, జన్మలో మొదటిసారి విన్నట్టు. "ఏదీ, సూపించు."