పెద్దసారు రాసిన నలభై ఆరు

మా పెద్దసారు పోయిండని పొద్దుగాల్నే పాలాయన అచ్చి చెప్పిండు. నేను నమ్మలే. గల్లీల ఇసొంటి ఉత్త ముచ్చట్లు పుట్టిచ్చేది నేనే గదా, నా మీదికే మర్లేస్తుండనుకున్న. తీరా పోయి సూస్తె ఆళ్లింటి ముంగట టెంటు ఏస్తుండ్రు.

కరీంనగర్ల మా గల్లీ మూలకు నాది చాయ్ హోటల్. పెద్దసారు మున్సిపల్ల సావుల రిజిస్టర్ రాసి రాసి రిటైరయ్యిండు. నేను ఏడో తరగతిల బడి బంద్ వెట్టినోన్ని. అయినా నన్ను పక్కకు కూసోవెట్టుకోని చెప్పేటోడు. "ఎండలు ముదిరినయంటె రిజిస్టర్ల పేజీలు జల్ది నిండుతుండెరా. ఎండ తగిలిన్నాడే సంపదు. రెండు మూడొద్దులు ఒంట్లనే దాగుంటది. గప్పుడు గుండె అని రాస్తరు, షుగర్ అని రాస్తరు. ఎండ అని ఎవ్వడు రాయడు. నేను గూడ రాయలే."

గా సిగ్గుతోనే అనుకుంట, రిటైరైనంక మా హోటల్ కంబానికి ఒక థర్మామీటర్ తగిలిచ్చిండు. పక్కన నల్లబోర్డు. రోజూ మధ్యాహ్నం ఎంతుందో చాక్‌పీసుతోని రాస్తుండె. పొద్దు గూకినంక రేకుల ఇండ్లల్లున్న ముసలోళ్లను సూసొస్తుండె. నలభై ఐదు దాటితె మాత్రం పొద్దు గూకేదాక ఆగకపోతుండె. మజ్జిగ సీసలు సంచిల ఏస్కోని, రుమాలు తడిపి నెత్తికి సుట్టుకోని అప్పుడే బైలెల్లుతుండె.

"ఏం సారూ, యముడు ఇయ్యాల డ్యూటీకి అచ్చిండా?" అంటుంటి నేను.

"అచ్చిండు. నీ చాయ్ తాగి ఆయినే పడ్డడు," అనేటోడు.

గీ ఎండకాలంల ఒకనాడు మధ్యాహ్నం నలభై రెండే ఉంది. సారు ఇంకా రాలే. నలుగురు గిరాకోళ్లు కూసున్నరు, నాకు చేతులు దురద వెట్టినయ్. కాగే చాయ్ గిలాస తెచ్చి థర్మామీటర్ కింది బుడ్డికి ఆనిచ్చి వట్టిన. సారు అచ్చేసరికి నలభై ఆరు. గదే బోర్డు మీద రాసి సంచి అందుకున్నడు. "సారూ, ఆగుండ్రి, మజాక్ చేసిన" అనాలె. అనలే. ఆయిన మూల తిరిగేదాక ఆపుకోని, అందరం పగలవడి నవ్వినం.

మూడు కొట్టినంక అచ్చిండు. మొఖం ఇటుక లెక్క ఎర్రగైంది. బల్ల మీద కూలవడి, నీళ్లు తాగి, థర్మామీటర్ దిక్కు సూసిండు. నలభై రెండు. కింద కంబానికి చాయ్ మరక. నా దిక్కు సూసిండు.

"జర పైలంరా. గంత కాకకు గాజు పగుల్తది," అన్నడు. గంతే. ఒక్క తిట్టు తిట్టలే.

తెల్లారి సారు హోటల్‌కు రాలే, బోర్డు మీద నలభై ఆరు అట్లనే ఉంది. మూడో దినం పొద్దుగాల్నే పాలాయన అచ్చిండు.

గుండె ఆగిందన్నరు. కాయితం మీద గూడ గదే రాసిండ్రు. సారు భార్య పెద్దమ్మ నా చెయ్యి వట్టుకోని, "నీ హోటల్ల కూసుంటెనే ఆయినకు నవ్వు అచ్చేది బిడ్డా," అని ఏడ్సింది. గిలాస వట్టింది గా చెయ్యే. ఆమెకు చెప్పుకోలేకపోయిన. గందుకే మీకు చెప్తున్న.

మిగిలిన ఎండకాలం సారు సంచి నేనే మోసిన. "సారు ఏడి కొడుకా?" అని రేకులింట్ల అవ్వ అడిగితె, మజ్జిగ సీస చేతిల వెట్టి తల వంచుకోని అచ్చిన.

గిప్పుడు వానలు వడుతున్నయ్. "బోర్డు తుడ్వరాదె అన్నా, వానకాలంల నలభై ఆరేంది?" అని గిరాకోళ్లు నవ్వుతరు. నేను నవ్వలేను. జల్లు కొట్టినప్పుడల్లా లేసి, బోర్డును గోడ దిక్కు మర్లేస్తున్న, సారు రాసిన అంకె తడ్వకుంట.