గడ్డిని నమ్మని జహంగీర్

మా డోర్నకల్‌ జహంగీర్‌కు దేవుడి మీద నమ్మకం ఉండేది. రైలు టైము మీద కూడా ఉండేది. గడ్డి మీద మాత్రం లేదు. భూమ్మీద మొలిచే ప్రతి పచ్చటిదీ తన గుర్రాన్ని చంపడానికే మొలుస్తుందని అతని అనుమానం. పెళ్లి బరాత్‌లకు తిప్పే ఆ తెల్ల గుర్రం పేరు షబ్నం. రోజూ పొద్దున గడ్డి మోపులు విప్పి, పోచ పోచ విడదీసి, వాసన చూసి, అనుమానం మరీ ఎక్కువైతే కొరికి చూసి, అప్పుడు గానీ దానికి వేసేవాడు కాదు. ఇదంతా రెండు గంటల పని. పక్కింటివాణ్ణి కాబట్టి ఎనిమిదేళ్లు ఆ రెండు గంటలూ నేనూ కూర్చున్నాను. అతను పోయి ఈ వానాకాలానికి ఏడాది. నా అలసట ఇంకా తీరలేదు.

"సారూ, గీ ఆకు చూడు. ఏమనిపిస్తుంది?"

"ఆకనిపిస్తుంది."

"గంతేనా? గంత పెద్ద సదువు సదివినవ్ గదా."

నేను బడిలో పద్యాలు చెప్పినవాణ్ణి, ఆకులు కాదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మర్నాడు ఇంకో ఆకు నా ముక్కు కింద పెట్టేవాడు.

గడ్డితో ఆగితే బాగుండేది. ఒకసారి మహబూబాబాద్ మార్కెట్లో కొత్తిమీర కట్ట విప్పి కాడ కాడ చూడటం మొదలుపెట్టాడు. అమ్మే సరళకు ఓపిక పోయింది.

"కొంటవా, పరీక్ష రాస్తవా?"

"మనిషికి కడుపునొస్తే చెప్తడు అక్కా. గుర్రం ఎట్ల చెప్తది?"

"కొత్తిమీర గుర్రానికా?"

"కాదు. ఇంట్ల బగారన్నంలకు."

సరళ నా వైపు చూసింది. నేను వంకాయల వైపు చూశాను.

పాలకుర్తిలో చిరంజీవి అనే కుర్రాడి బరాత్‌కు నన్నూ వెంట తీసుకుపోయాడు. పెళ్లికొడుకు స్నేహితులు ముచ్చటపడి గుర్రం మెడలో గన్నేరు పూల దండ వేశారు. జహంగీర్ బ్యాండు ఆపించాడు. గన్నేరు నమిలితే గుర్రం బతకదని చెప్పి దండ తీసేశాడు, జీను సందుల్లో రాలిన రెక్కలన్నీ ఏరాడు. అరగంట పట్టింది. అంతసేపూ చిరంజీవి గుర్రం మీదే ఉన్నాడు. చివరికి జహంగీర్ తలెత్తి అతని మెడలోని దండ కేసి చూశాడు.

"అన్నా, గిది బంతిపూల దండ. మా మేనత్త కుట్టింది."

"కుట్టినామెకు తెల్వకపోవచ్చు గదా."

గన్నేరు గురించి అతను చెప్పింది నిజమే. బంతిపూల దండ విప్పి చూసినందుకు మాత్రం ఆ మేనత్త ఇప్పటికీ క్షమించలేదు.

"పెండ్లి చూపులకు వచ్చిననాడు నన్ను పది నిమిషాలు చూసిండు. గడ్డిని రెండు గంటలు చూస్తడు," అనేది అతని భార్య హాజిరా బీ.

గడ్డి తెచ్చేది మా సందు చివర ఉండే పుష్పమ్మ. డెబ్బై దాటింది, ఒంటరిగా ఉండేది. పొలం గట్ల మీద కోసి, మోపులన్నీ ముందు జహంగీర్ వాకిట్లో దించి, తర్వాత బర్రెలున్న పదకొండు ఇళ్లకు వేసి వచ్చేది. ఆమె ఎదుటే ఇతను మోపులు విప్పుతుంటే నాకు సిగ్గుగా ఉండేది.

"గంత అనుమానమైతే ఇంకోళ్ల దగ్గర తెచ్చుకో కొడుకా," అనేది పుష్పమ్మ.

"ఇంకోళ్లది ఇంకా అనుమానం అవ్వా."

నాలుగేళ్ల కింద ఒకరోజు అతను జ్వరంతో పడుకున్నాడు. హాజిరా బీ ఒక మోపు తీసి, ఏరకుండానే షబ్నం ముందు వేసింది. మధ్యాహ్నానికి గుర్రం కాలితో నేల తవ్వడం, కడుపు కేసి తిరిగి చూసుకోవడం, పడి పొర్లడం. కంటిపాపలు పెద్దవైపోయాయి. పశువుల డాక్టర్ శృతి వచ్చి సూది వేసింది, ముక్కులోంచి గొట్టం దించి నూనె పోసింది. తినగా మిగిలిన గడ్డిలోంచి ముళ్ల కాయ ఒకటి తీసి పైకెత్తింది. ఉమ్మెత్త.

"ఈ గడ్డి ఎవరు తెచ్చిన్రు?"

చూడటానికి మూగినవాళ్లలో పుష్పమ్మ దగ్గర గడ్డి కొనేవాళ్లే ఎక్కువ. వాళ్ల వెనక పుష్పమ్మ, చేతిలో కొడవలితో. హాజిరా బీ నోరు తెరిచింది. జహంగీర్ దుప్పటి కప్పుకునే అడ్డం వచ్చాడు.

"నేనే కోసుకొచ్చిన మేడం. పట్టాల పక్కపొంటి."

"జ్వరంతోనా?"

"గందుకే కనబడలే."

బర్రెల హన్మంత్ పకపకా నవ్వాడు. "ఊరి గడ్డినంత అనుమానించి, ఆఖరికి నువ్వే మందు పెట్టినవా జాంగీరూ?"

జహంగీర్ తల వంచుకున్నాడు. సాయంత్రానికి షబ్నం లేచి నిలబడింది. జనం వెళ్లాక అతను దుప్పటితోనే మిగతా మోపుల ముందు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

"అబద్ధమెందుకు చెప్పినవ్?"

"పుష్పవ్వకు కండ్లు కనబడయి సారూ. ఐదేండ్లాయె. చేతికి దొరికింది కోస్తది."

"మరి ఆమె దగ్గర మానెయ్యరాదూ?"

"నేను మానేస్తే ఎందుకని హన్మంత్ అడగడా? పదకొండు ఇండ్లు మానేస్తయి. ఇగ ఆమె ఏం తినాలె?"

అప్పుడు గానీ నాకు లెక్క తెలియలేదు. ఒక్క గుర్రం తినే గడ్డికి రెండు గంటలెందుకు? అతను రోజూ ఏరుతున్నది పన్నెండు ఇళ్ల గడ్డి.

"మరి కొత్తిమీర సంగతేంది?"

"ఒక్క అవ్వ గడ్డినే ఏరితే ఆమె మీదనే అనుమానమొస్తది. గందుకే అందరివీ ఏరుతున్న."

"బంతిపూలు?"

చేతిలోని పోచ వాసన చూసి పక్కన పెట్టాడు. "గది అలవాటైంది సారూ."

అతను పోయిన వారానికి నేనే ఆ వాకిట్లో కూర్చున్నాను. షబ్నం ఉంది, హాజిరా బీ ఉంది, పదకొండు ఇళ్ల బర్రెలున్నాయి. ఎవరో ఒకరు ఏరాలి కదా. పుష్పమ్మ మోపులు దించింది. ఒకటి విప్పాను, రెండు విప్పాను. పిచ్చి మొక్క ఒక్కటి లేదు.

"ఏం వెతుకుతున్నవ్ సారూ?" అంది పుష్పమ్మ. "కాటారంల బిడ్డ ఇంటికాడ ఉన్నప్పుడు కండ్ల ఆపరేషన్ చేయించుకున్న. రెండేండ్లాయె. గోడ మీద చీమ గూడ కనబడతది."

"జహంగీర్‌కు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె? కండ్లు పోయినయని ఎన్నడన్న చెప్పిన్నా, వచ్చినయని చెప్పనీకి?"

"మొన్న మొన్నటిదాకా అతనికి రోజూ ఏదో ఒకటి దొరికేది గదా?"

"గునుగు పూల కట్టెలు రెండు నడుమల పెడుతుంటి. పశువుకు ఏం గాదు. ఏం దొరకకపోతే మొఖం చిన్నగ చేసుకునేటోడు పిల్లగాడు." అరవై రెండేళ్ల జహంగీర్ ఆమెకు పిల్లగాడే. "ఇగ లే సారూ. మోపులు ఇచ్చి రావాలె, పొద్దు పోతుంది."

నేను లేవలేదు. మూడో మోపు విప్పాను.

పుష్పమ్మ చుట్టకుదురు నెత్తిన సర్దుకుని, నన్ను కాసేపు చూసింది.

"రేపటి సంది నీక్కూడా పెట్టాల్నా?" అంది.