బజ్జీలమ్మకు పేరు మార్చారు

గాజువాక దగ్గర ఆ కాలనీలో జ్యోతిర్మయి ఎవరని అడిగితే నోరెళ్లబెడతారు. బజ్జీలమ్మ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా బండి దాకా తీసుకెళ్లి చూపిస్తారు. రుషికొండ వైపు కాలేజీలో పరిశోధన చేసే సుమంత్‌కి ఈ పాటి సంగతి తెలియకపోయింది, అదే కొంప ముంచింది.

మొగుళ్లు పోయిన ఆడవాళ్ల మనసు మీద అతని పరిశోధన. అంగన్‌వాడీ టీచరు గౌరీశ్వరిదీ అదే బతుకు కాబట్టి, ఆమెనే పట్టుకుని కాలనీలో అడుగుపెట్టాడు. "పేరు బైటికి రాదే, నాను పూచీ," అని ఆమె చెబితేనే జ్యోతిర్మయి నోరు విప్పింది. మొగుడు పోయిన కొత్తలో పిల్లతో సహా సముద్రంలో దిగిపోదామనిపించిందని, ఇప్పుడా ఆలోచనే లేదని చెప్పుకుని ఏడ్చింది. ఆ పరిశోధన గురించి పేపర్లో వస్తే, సముద్రం మాటే పడింది, తర్వాతి మాట పడలేదు. పేరు మార్చారు, బజ్జీల బండిని మాత్రం అలాగే ఉంచారు!

ఆ సంగతి తెలిసి ఎలమంచిలి నుంచి అత్త చిట్టెమ్మ వచ్చి, జ్యోతిర్మయి బండి దగ్గరుండగా మనవరాలు నిఖితను ఎత్తుకుపోయింది.

గౌరీశ్వరి ఏడుస్తూ కాలేజీకి పరిగెత్తింది. "ఏటి బాబూ ఈ పని? పేపర్లో ఉన్నది జ్యోతి కాదని ఒక్క ముక్క సెప్పండి."

"కాదంటే అబద్ధమవుతుంది మేడం. ఔనంటే రహస్యం బయటపెట్టినట్టవుతుంది. మాకు కాలేజీ కమిటీ అనుమతి ఉంది, ఆవిడ సంతకమూ ఉంది," అన్నాడు సుమంత్.

ఆహా, ఏం నీతి! ఏరు దాటాక తెప్ప తగలేసే నీతి. ఇక గౌరీశ్వరికి దిక్కు తోచలేదు. తన మాట నమ్మినందుకు ఒక తల్లికి బిడ్డ దూరమైపోయిందే అని గుండె బాదుకుంటూ ఎలమంచిలి బస్సెక్కింది.

"మళ్లీ సముద్రానికి తీసుకెల్తే ఎవులు పూచీ?" అంది చిట్టెమ్మ పిల్లను గుండెకు హత్తుకుని. ఆమె భయమూ భయమే కదా.

"ఆ మాటన్నది జ్యోతి కాదమ్మా, నాను," అంది గౌరీశ్వరి. "నా గుట్టు దాగాలని దాని బండి పేరు సెప్పాను."

చిట్టెమ్మ కాండ్రించి ఉమ్మింది. "పిల్లల్ని సూసుకునే దానివేనా నువ్వు! నిఖితని అంపుతాను గానీ, జ్యోతి దాన్ని నీ గడప తొక్కిత్తే మళ్లీ అట్టుకొచ్చేత్తాను."

కాలనీకి ఆ కబురు గౌరీశ్వరి కంటే ముందే చేరింది. మర్నాడు ఆమె అంగన్‌వాడీలో చాపలు పరిచి, గుడ్లు ఉడకబెట్టి కూర్చుంది. ఒక్క తల్లీ పిల్లను పంపలేదు. ఈ ఉద్యోగం పోతే ఏం తిని బతకాలో ఆమెకు తెలియదు.

బయట జ్యోతిర్మయి నిఖిత చెయ్యి పట్టుకుని ఆగింది. లోపలికి పోతానని పిల్ల ఒకటే మారాం.

"అక్కా, నిజం నానే సెప్పేత్తాను," అంది జ్యోతిర్మయి.

"నోర్ముయ్యి. పిల్ల మళ్లీ పోద్ది. ఎల్లిపో, ఎవులైనా సూత్తారు," అని గౌరీశ్వరి లేచి తలుపు వేసుకుంది.