పేరు రాయని డబ్బాలు

మంగళవారం పొద్దున్న పది నలభైకి అతను ఒకే ఒక్క వరుస కోడ్ రాశాడు. పేరు గడి ఖాళీగా ఉంటే ఆ డబ్బా చెల్లదు, దాన్ని సేవ్ చేసి దాచక్కర్లేదు అని దాని అర్థం. పదకొండున్నరకు టీ తాగి వచ్చి విడుదల చేశాడు.

అతనికి నలభై ఏడేళ్లు. వెబ్‌లో రాసుకునే ఒక ఎడిటర్‌కు ప్లగిన్లు కడతాడు. ఆ ఎడిటర్‌లో పేజీ అంతా ఒకే ముద్దగా ఉండదు. పేరా ఒక బ్లాకు, ఫొటో ఒక బ్లాకు, పట్టిక ఒక బ్లాకు. ఆఫీసులో వాటినే డబ్బాలంటారు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేర్చుకుంటూ పోవడమే. ఏ రకం ఇటుకకు ఆ రకం అచ్చు కావాలి. ఆ అచ్చే ప్లగిన్. ఇటుక తెర మీద ఎలా కనబడాలో, ఏ గడిలో ఏం రాయాలో, దేన్ని దాచి దేన్ని వదిలెయ్యాలో అదే చెబుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని మేస్త్రి అంటారు.

ఆ రోజు రాసిన వరుస ఒక పత్రికవాళ్ల కోసం. వాళ్ల విలేకరులు హడావుడిలో ఫొటో డబ్బా తెరిచి, పేరు రాయకుండా వదిలేస్తున్నారట. బోసి ముఖాలు అలాగే పేజీకెక్కుతున్నాయట. పని పరీక్షించే అమ్మాయికి ఆఫీసులో పేచీ అని పేరు. తప్పు పట్టకుండా ఆమె ఏదీ దాటనివ్వదు.

"మేస్త్రీ, చెల్లనిదాన్ని తీసేస్తున్నారు సరే. తీసేస్తున్నామని ఒక్క ముక్క చెప్పరేం?" అంది.

"ఖాళీ డబ్బాకు సంతాప సభ కూడా పెట్టమంటావా?"

"ఖాళీదని మీకెలా తెలుసు? చూసేది పేరు గడి ఒక్కటేగా."

"పేరే రాయని బద్ధకస్తుడు కింద నవల రాస్తాడటమ్మా?"

పేచీ నవ్వింది. గొణుక్కుంటూనే సరే అనేసింది.

అతని అక్కకు అరవై ఒకటి. అమ్మ షిఫ్టు ఉద్యోగానికి పోతే అతన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆరడుగులు ఎదిగినా ఇప్పటికీ ‘పొట్టోడా’ అనే పిలుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని బట్టలు కుట్టింది. మూడేళ్ల కిందట ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టి పంపింది. కుట్టించుకున్నాయన పరాచికమనుకుని నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ నెలలోనే డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. ఇకముందు మనుషుల్ని కూడా మర్చిపోతుందన్నాడు.

తమ్ముడికి చేతనైంది ఒకటే విద్య. ఆ ఎడిటర్‌లోనే అక్క మనుషుల్ని రాసిపెట్టుకోవడానికి ఒక పుస్తకం తెరిచి, దాని కోసం ఒక కొత్త రకం బ్లాకు కట్టాడు. దానికి ‘ఎవరు’ అని పేరు పెట్టాడు. పైన మనిషి ఫొటో, దాని కింద పేరు గడి, ఆ కింద ఎంతైనా రాసుకునే చోటు. ఆఫీసు ఫొటో డబ్బా అచ్చునే తీసుకుని కాస్త సాగదీశాడు. ఆఫీసులో ఏ మరమ్మతు చేసినా అక్క పుస్తకానికీ దానంతటదే చేరేలా కలిపిపెట్టాడు. రెండుచోట్లా ఎవడు మార్చుకుంటాడని.

మొదటి రోజు పక్కన కూర్చుని ఏడు డబ్బాలు రాయించాడు. ఎనిమిదోదాని దగ్గర్నుంచి అక్క పేరు గడి వదిలేసింది.

"పేరు రాయవేం అక్కా?"

"పేరు చెప్పి ఎవరు బట్టలు కుట్టించుకుంటార్రా? కొలత చెప్పి కుట్టించుకుంటారు. పేర్లు ఎలాగూ పోతాయన్నాడుగా డాక్టరు. పోయేదాన్ని రాసి ఏం లాభం?"

అలా రాసుకుంటూ పోయింది. వీధివాళ్లు, వియ్యాలవారు, ముప్పై ఏళ్ల ఖాతాదారులు. ఎవరి భుజం ఎటు వాలుతుందో, ఎవరు కొలతకు నిలబడితే ఊపిరి బిగబడతారో, మొగుడు పోయిన ఏడాది ఎవరు పాత జాకెట్లన్నీ తెచ్చి బిగించమన్నారో. తమ్ముడికి ఆ సంగతులేవీ తెలియవు. పుస్తకం బరువెక్కి తెరుచుకోవడం ఆలస్యమవుతోందని తూకం వేశాడు గనక, రెండు వందల ఎనభై ఆరు డబ్బాలున్నాయని మాత్రం తెలుసు.

ఆ మంగళవారం మధ్యాహ్నం అక్క పుస్తకం తెరిచింది. అన్నీ ఉన్నాయి. చివర ఏదో ఒక మాట చేర్చింది. వేలు ఆగిన రెండు క్షణాలకు పుస్తకం తనంతట తాను దాచుకుంటుంది. ఈసారి పేరున్నవాటినే దాచుకుంది. తెర మీద మాత్రం సాయంత్రం దాకా అన్నీ కనబడుతూనే ఉన్నాయి. బుధవారం తెరిస్తే లేవు. కంచే చేను మేసింది.

అక్క ఫోన్ చెయ్యలేదు, ఎవరితోనూ అనలేదు. ఆదివారం అతను వెళ్లేసరికి ముందు గదిలో టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఒరే పొట్టోడా, నేను చాలా రాశాననుకున్నానురా."

"రాశావుగా."

"ఏడే ఉన్నాయి. నువ్వు పక్కన కూర్చుని రాయించినవి. తక్కినవి రాద్దామనుకుని మర్చిపోయుంటాను." కిటికీ వైపు చూసి, "బుగ్గ మీద మచ్చావిడ గురించి రాస్తుంటే వాన పడింది కూడా. కిటికీ మూశాను. అదీ నా బుర్ర కల్పించిందేనేమో," అంది.

అతను టాబ్లెట్ తీసుకున్నాడు. ఏడు డబ్బాలు. ఏడింటికీ పేరుంది. సంగతి అర్థం కావడానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

"ఉండు, చూస్తాను," అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆ వరుస కొట్టేశాడు. రెండు రోజులు వెతికాడు. సర్వర్లో పాత ప్రతులు ఉండాలి, ఉన్నాయి కూడా. కానీ బరువు తగ్గుతుందని చివరి ఇరవై ప్రతులే ఉంచేలా చేసింది అతనే. బుధవారం నుంచి అక్క రోజూ తెరిచి, పోయినవాటి కోసం తడుముతూ, ఒక అక్షరం రాసి చెరిపి, రాసి చెరిపి, ఇరవైకి ఇరవైనీ ఆ ఏడింటితోనే నింపేసింది. ఫొటోలు వేరే చోట దాచేవాడు కాబట్టి అవి మిగిలాయి. రెండు వందల డెబ్భై తొమ్మిది ముఖాలు. కింద ఒక్క మాట లేదు.

పేచీ తన పని పక్కన పడేసి అతనితో పాటు వెతికింది. ‘ఆ రోజే చెప్పాను’ అన్న మాట ఆమె నోట రాలేదు. అని ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మేనకోడలు అక్క దగ్గరే ఉంటుంది, మందుల షాపులో పని. డాక్టరుకు చూపిద్దామని ఒకసారి నాలుగు పేజీలు ప్రింటు తీసిందట. సొరుగులోంచి తెచ్చిచ్చింది. వాటిలో పంతొమ్మిది డబ్బాలున్నాయి. బుగ్గ మీద మచ్చావిడ లేదు. అతనూ లేడు.

అతని గురించి కూడా అక్క రాసింది. ఆ డబ్బా ఒకసారి తెరిచాడు. ఫొటో పక్కకు పడుకుని ఉందని ఫిర్యాదు చేస్తే సరిచెయ్యడానికి. కింద చాలా వరుసలున్నాయి. ఫొటో నిలబెట్టి మూసేశాడు. తీరిగ్గా చదవొచ్చులే అనుకున్నాడు.

గురువారం సెలవు పెట్టి వెళ్లి చెప్పాడు. ముందు అక్కకు సంగతి అందలేదు.

"అయితే నేను రాశానా?"

"రాశావక్కా. రెండు వందల డెబ్భై తొమ్మిది. నేను పోగొట్టాను. ఒక్క వరుసతో."

"నేనే రాశాను?"

"నువ్వే."

"వానా?"

"పడే ఉంటుంది."

అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "వెధవా! వారం నుంచి నా బుర్ర పూర్తిగా పోయిందనుకుని చస్తున్నానురా!" అని నవ్వింది. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వి, చెంగుతో తుడుచుకుని, "పోతే పోయాయి. ఫొటోలున్నాయన్నావుగా. తియ్యి, మళ్లీ రాద్దాం," అంది.

మొదటి ఫొటో పెట్టాడు. అక్క చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈవిడ?"

అతనికి తెలియదు. రెండోది పెట్టాడు. మూడోది. నాలుగోదానికి అక్క కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. అవి రాసినప్పటి అక్క వేరు. రెండేళ్ల కిందట ఆవిడకు తెలిసినవాళ్లు ఇప్పుడు ఆవిడకు తెలియరు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అయిదోది అతని ఫొటో.

"ఇది నువ్వు," అంది టక్కున, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు.

"నా గురించి ఏం రాశావక్కా?"

"నువ్వు చదవలేదూ?"

"లేదు."

"ఎదురుగానే ఉందిగా ఇన్నాళ్లూ," అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. టాబ్లెట్ దగ్గరికి లాక్కుని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసింది. నా తమ్ముడు. పొడుగు. అక్కడ వేలు ఆగిపోయింది. "ఇంకా ఉండేదిరా," అంది.

ఆ పై ఆదివారం అతను చెప్పులు విడుస్తుండగానే ముందు గదిలోంచి పిలిచింది.

"ఒరే పొట్టోడా, నేను చాలా రాశాననుకున్నానురా. చూస్తే లేవు. రాయలేదేమో."

మేనకోడలు వంటింట్లోంచి వచ్చి అతన్ని పక్కకు లాగింది.

"మావయ్యా, అవునక్కా రాయలేదులే అనెయ్యి. మళ్లీ మొదట్నుంచీ ఎందుకు? చెప్పినా రేపటికి ఉండదు."

"ఉండదనే కదా అడుగుతోంది."

"మరి నీకెందుకీ శిక్ష?"

"రాయలేదంటే తన బుర్రనే తిట్టుకుంటుందే. నన్ను తిట్టుకోనీ."

వెళ్లి అక్క ఎదురుగా కూర్చున్నాడు. రాశావక్కా, నేను పోగొట్టాను అని మొదలుపెట్టాడు. ఆవిడ ఆ రోజు నవ్వలేదు. టేపు మెడలోంచి తీసి మడతపెడుతూ విని, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇంకో ఆదివారం నానా మాటలూ అంది. ఒక ఆదివారం, "పోన్లే, నీ చేతిలో పోయాయి, నయం. నా చేతిలో పోలేదు," అని అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఈసారి ఏమంటుందో వెళ్లేదాకా తెలియదు. ఏమన్నా అతను చెప్పేది మాత్రం మారదు, ఒక్క మాట తగ్గించడు.

మొన్నటి ఆదివారంతో పదకొండు సార్లు చెప్పాడు.