చెవిటి చెవికి వినబడిన బేరింగు

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. గజపతినగరంలో ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాను. టర్బో ఈల వేసినా, గేరుబాక్సు ఏడ్చినా, గుంతలో పడ్డప్పుడు కింద టకామని కొట్టినా, దానికో అరిగిన ముక్క ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే మిస్త్రీకి పని రాదని అర్థం. అలాంటివాణ్ని, ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

ముందు నా ఎడం చెవి సంగతి చెప్పాలి. అది పనిచెయ్యదు. పెళ్లైన కొత్తలో లారీ టైరుకి గాలి పడుతుంటే పక్కనే పేలింది. నన్ను ఆ టైరు దగ్గర కూర్చోబెట్టింది మా మావ అప్పన్న. నాకు పని నేర్పింది ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. విజయనగరంలో చూపిస్తే నరం చచ్చిపోయిందన్నారు. కుడి చెవి భేషుగ్గా ఉంది కాబట్టి నేను ఆ గొడవ ఎప్పుడో మర్చిపోయాను. మావ మర్చిపోలేదు. ఇప్పుడు ఆయనకి ఎనభై దగ్గర పడ్డాయి, చూపు సరిగ్గా ఆనదు. అయినా రోజూ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుని, కొత్తవాళ్లెవరొచ్చినా అదే మాట చెబుతాడు. "ఈడి సెవి నానే పాడుసేసినాను బాబూ." నాకు ఒళ్లు మండేది. ఊరుకో మావా అని కసురుకునేవాణ్ని.

మొన్న కార్తీకంలో మా ఊరి సింహాచలం తన వ్యాను తెచ్చాడు. బండి బరువు మోసే వెనక కమాను కట్టలో ఒక పట్టీ విరిగింది. మర్నాడు అతని మనవరాలి అన్నప్రాసన శ్రీముఖలింగంలో. ఇంటిల్లిపాదీ పదకొండు మంది వెళ్లాలి. పొద్దున్న ఏడింటికల్లా వాళ్లంతా పాయసం గిన్నెతో సహా నేరుగా షెడ్డుకే వచ్చేశారు.

పట్టీ మార్చడం అయిపోయింది. కానీ వెనక పని ఏది చేసినా బండి అప్పగించే ముందు ఒక పరీక్ష చేయాలని మావ నేర్పిన పద్ధతి. వెనక చక్రాలు లేపి స్టాండ్ల మీద పెట్టి, గేరులో తిరగనిచ్చి, పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాం. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టినట్టే.

తొందరలో నేను రోజూ దూరే వైపు కాకుండా రెండో వైపు నుంచి బండి కిందికి దూరాను. పిడి ఎడం చెవికి ఆనింది.

వినబడింది.

రాళ్లున్న అన్నం నమిలినట్టు కరకర. వెనక చక్రాల మధ్య గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ లోంచి వస్తోంది. కుడి చెవికి మార్చాను. నున్నగా ఉంది, ఏ చప్పుడూ లేదు. మళ్లీ ఎడం చెవికి పెట్టాను. కరకర.

అందులో బేరింగు పట్టేస్తే నడుస్తున్న బండికి వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోతాయి. పదకొండు మంది, ఒళ్లో పసిపిల్ల. బండి ఆపాలి. కానీ ఏం చెప్పి ఆపను? చెవిటి చెవికి వినబడిందనా?

విప్పి చూడాలి అన్నాను. సింహాచలం ఎగిరిపడ్డాడు. "ఏటి మిస్త్రీ, కమాను కట్ట మార్సమంటే అదంతా ఇప్పుతానంటన్నావేటి? ముహూర్తం దాటిపోతాది!" చక్రాలు చేత్తో తిప్పి చూపించాడు. మెత్తగా తిరిగాయి. వాళ్లావిడ నన్ను తిట్టని తిట్టు లేదు.

స్టూలు మీంచి మావ సింహాచలంతో అన్నాడు. "ఆడు ఇన్నాడురా. ఇప్పనీ."

విప్పేసరికి పది దాటింది. లోపలి బేరింగులో రోలర్లని పట్టి ఉంచే కంచె రెండు చోట్ల చిట్లి ఉంది. ఇంకా ఊడలేదు, రోలర్లు కదల్లేదు. నాకు అన్నిటికన్నా అర్థం కానిది ఇదే. ఆ స్థితిలో అది కరకరమనకూడదు. పూర్తిగా విరిగాక వచ్చే చప్పుడు అది. సింహాచలం ఆ బేరింగుని అరచేతిలో పెట్టుకుని ఇంట్లోవాళ్లకి చూపించాడు. వాళ్లావిడ పిల్లని గట్టిగా హత్తుకుని, అక్కడే నేల మీద కూర్చుని ఆ పాయసమే నోటికి తాకించింది. ముహూర్తం మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత మళ్లీ చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. ఎడం చెవికి ఏమీ వినబడడం లేదన్నారు. ఎముక గుండా అదురు పాకి కుడి చెవికి చేరి ఉంటుందన్నారు. బాగానే ఉంది. మరి నేరుగా కుడి చెవికే పెట్టుకుంటే ఎందుకు వినబడలేదో ఆయన చెప్పలేకపోయారు.

విన్నది ఎడం చెవితోనని మావకి వారం దాకా చెప్పలేదు. చెప్పాక, "ఆ సెవితోనేట్రా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత తడుముకుంటూ లేచి, తనే స్క్రూడ్రైవరు తెచ్చి, స్టార్టులో ఉన్న ఒక జీపు ఇంజను మీద ఆనించి, పిడి నా ఎడం చెవికి పెట్టాడు.

"ఇనపడతందేట్రా?"

ఏమీ లేదు. చెవిలో దూది కుక్కినట్టుంది.

"వినపడతంది మావా" అన్నాను.

ఆయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ అబద్ధం ఎందుకాడానో ఎవరడిగినా చెప్పగలను. ఆ రోజు బండి కింద విన్నదేమిటో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.