తనిఖీ పాఠంలో అత్త ఫోన్

నిన్న మా అత్త నన్ను జైల్లో పట్టించింది. నిజం! ఇంట్లో కూర్చునే పట్టించింది.

నేను ఆడవాళ్ల జైల్లో హెడ్ వార్డర్ని. ఇంట్లో తెలుగు, డ్యూటీలో అరవం. ఈ నెల ఆరుగురు కొత్తమ్మాయిలు చేరారు. వాళ్ల ట్రైనింగ్ సగం వీడియోల్లోనే అయిపోయింది. మనిషిని ముట్టుకుని తనిఖీ చేయమంటే సిగ్గు. అందుకే సూపరింటెండెంట్ మేడం, "ఇవాళ నువ్వు ఖైదీవి. వీళ్లు నిన్ను వెతకాలి" అన్నది. సరేనని కొప్పులో చిన్న పొగాకు పొట్లం దాచుకుని నిలబడ్డాను.

ముందు ఆ కొత్తమ్మాయిల్లో ఆండిపట్టి ఊరి సెల్వి వచ్చింది.

"అక్కా, మిమ్మల్ని ఎట్లా..."

"అక్కా లేదు గిక్కా లేదు. గట్టిగా వెతుకు!"

భుజాలు చూసింది, నడుము చూసింది. ప్యాంటు జేబు దగ్గర ఆగింది. చేతిగుడ్డ తీసింది. దాంట్లో నల్లటి బటన్ ఫోన్!

లోపలికి ఫోన్ తెస్తే స్టాఫ్‌కైనా తప్పే. నా ఫోన్ గేట్లో ఇచ్చే వచ్చాను. ఇది మా అత్తది. ఏ కాల్ వచ్చినా స్పీకర్లోనే అరుస్తోందని, మాట్టుతావణి బస్టాండులో బస్సు దిగి బాగుచేయిద్దామని, ఆమెకు చెప్పకుండానే జేబులో వేసుకున్నాను. అంగడి తెరవలేదు. నేనూ మరిచిపోయాను.

నోరు తెరిచేలోగా అది మోగింది. సెల్వి కంగారులో పచ్చ బటన్ నొక్కేసింది.

"ఎవుడ్రా నువ్వు? నా ఫోను ఎత్తుకుపోయిన దొంగ నాయాలా!"

పక్కింటి ఫోన్ నుంచి మా అత్త. గదంతా వినపడింది. సెల్వి ఫోన్‌ని పాముపిల్లలా దూరంగా పట్టుకుంది. మేడంకి తెలుగు రాదు.

"ఏమంటోందామె?"

"ఈ ఫోన్ ఎవరు తెచ్చారని అడుగుతోంది మేడం."

"నేనూ అదే అడుగుతున్నా."

జరిగిందంతా చెప్పాను. మేడం నవ్వలేదు. నాకు మెమో రాసిచ్చి, "దొరికింది దొరికినట్టు రిజిస్టర్లో ఎక్కించండి. వీళ్లకూ నేర్చుకున్నట్టు ఉంటుంది" అని వెళ్లిపోయింది.

సెల్వికి ఏ గడిలో ఏం రాయాలో తెలీదు. పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. వస్తువు, ఫోన్. చోటు, కుడి జేబు. 'ఎవరి దగ్గర' అన్న గడిలో పాపం నా ఇనిషియల్ తప్పు రాసింది.

"అట్లా రాస్తే కేసు నిలవదమ్మా" అని నేనే దిద్దించాను.